మాచ్‌ఖండ్ యూనిట్ అంత శక్తి ఒక్క కిరణంలో: ఫ్యూజన్ రియాక్టర్ల న్యూట్రల్ బీమ్ పరీక్షలు ఎక్కడిదాకా వచ్చాయి

క్లుప్తంగా: ఫ్యూజన్ రియాక్టర్‌లో ప్లాస్మాను, అంటే ఎలక్ట్రాన్లు విడిపోయేంతగా వేడెక్కిన వాయువును, 15 కోట్ల డిగ్రీలకు చేర్చే ముఖ్యమైన సాధనాల్లో న్యూట్రల్ బీమ్ ఇంజెక్టర్ ఒకటి. ఆవేశం లేని అణువులను కిరణంలా అతివేగంగా లోపలికి కొట్టే యంత్రమిది. ఫ్రాన్స్‌లో పలు దేశాలు కలిసి కడుతున్న ఇటర్ అనే ప్రయోగాత్మక ఫ్యూజన్ రియాక్టర్‌కు ఒక్కో ఇంజెక్టర్ నుంచి కావలసింది 10 లక్షల వోల్టులు, 40 ఆంపియర్లు, గంటసేపు. ఈ మూడింటిలో ఒక్కోదాన్ని విడిగానో, చిన్న స్థాయిలోనో సాధించిన ప్రయోగశాలలు ఉన్నాయి. మూడూ ఒకే యంత్రంలో, ఒకేసారి కుదరడమే అసలు పరీక్ష. ఇటలీలోని పాదువాలో జరుగుతున్న పని అదే.

"ఫ్యూజన్ కరెంటు వచ్చేస్తోంది, ఇక బొగ్గుతో, డ్యాములతో పనిలేదు" అనే వార్తలు, వీడియోలు ఫోన్లలో తరచూ తిరుగుతున్నాయి. దక్షిణ ఒడిశాలో జయపురం, కొరాపుట్, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు తెలుగు కుటుంబాలు వీటిని చదివి ఊరికే వదిలేయలేవు. ఈ ప్రాంతంలో చాలామంది బతుకుదెరువు కరెంటుతోనే ముడిపడి ఉంది. మాచ్‌ఖండ్, బలిమెల జలవిద్యుత్ కేంద్రాలు, దామన్‌జోడిలో నాల్కో అల్యూమినా కర్మాగారం, సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హాల్) విమాన ఇంజిన్ల ఫ్యాక్టరీ, వీటి చుట్టూ పెరిగిన కాలనీలు అందుకు సాక్ష్యం. పిల్లల్ని ఏ కోర్సులో చేర్పించాలి, ఏ ఉద్యోగం ఎన్నాళ్లు ఉంటుంది అన్న ప్రశ్నలకు ఇలాంటి వార్తలు నేరుగా తగులుతాయి. అందుకే "రికార్డు" అన్న మాట వినగానే ఏది రికార్డో, దేనికి రికార్డో చూడాల్సిన అవసరం ఇక్కడి పాఠకులకు మరీ ఎక్కువ.

ఫ్యూజన్ ఎంత దూరంలో ఉందో అంచనా వేయడానికి చాలా దారులున్నాయి. వాటిలో ఎక్కువమంది పట్టించుకోనిది, నిజానికి బాగా పనికొచ్చేది ప్లాస్మాను వేడిచేసే యంత్రాల పరిస్థితి. వాటిలోనూ న్యూట్రల్ బీమ్ ఇంజెక్టర్ కథ ప్రత్యేకమైనది. దీని వెనకున్న సూత్రం దశాబ్దాల కిందటే రుజువైంది. ఇప్పటికీ తేలాల్సింది యంత్రం సంగతే.

అయస్కాంతమే కాపలా, అయస్కాంతమే అడ్డం

డ్యుటీరియం, ట్రిటియం అనేవి హైడ్రోజన్‌కు బరువైన రూపాలు. వీటి కేంద్రకాలు కలిస్తే హీలియం, ఒక న్యూట్రాన్, వాటితోపాటు చాలా శక్తి వస్తాయి. అయితే రెండు కేంద్రకాలకూ ధనావేశమే ఉంటుంది కాబట్టి ఒకదాన్నొకటి నెట్టేసుకుంటాయి. ఆ వికర్షణను దాటి దగ్గరకు రావాలంటే విపరీతమైన వేగం కావాలి, అంటే విపరీతమైన వేడి ఉండాలి. ఇటర్ లక్ష్యం 15 కోట్ల డిగ్రీల సెల్సియస్. అంత వేడిని ఏ పాత్రా తట్టుకోదు కాబట్టి, ప్లాస్మాను గోడలకు తగలకుండా బలమైన అయస్కాంత క్షేత్రం పట్టి ఉంచుతుంది. ఇలా పట్టి ఉంచే వలయాకారపు యంత్రమే టోకమాక్.

మొదటి దశలో వేడి చేయడం సులువే. ప్లాస్మాలోకి కరెంటు పంపితే దాని నిరోధం వల్ల అదే వేడెక్కుతుంది. కానీ ఇక్కడ ఒక చిక్కుంది. మామూలు తీగ వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, ప్లాస్మా వేడెక్కితే నిరోధం పడిపోతుంది. రెండు, మూడు కోట్ల డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి కరెంటు ఎంత పంపినా పెద్దగా వేడి పుట్టదు. ఆపైన కావలసిన వేడిని బయటి నుంచే ఇవ్వాలి.

బయటి నుంచి వేగంగా పోయే కణాలను లోపలికి కొట్టడం ఒక మార్గం. ఆవేశం ఉన్న కణాలను విద్యుత్ క్షేత్రంతో ఎంత వేగానికైనా తీసుకురావచ్చు. కానీ ప్లాస్మాను లోపల నిలిపి ఉంచే అయస్కాంత క్షేత్రమే బయటి నుంచి వచ్చే ఆవేశపు కణాలను దారి తప్పించి వెనక్కు తిప్పేస్తుంది. ఏ ఆవేశమూ లేని అణువును ఆ క్షేత్రం ముట్టుకోదు, కానీ ఆవేశం లేని అణువును వేగంగా తోయడం కుదరదు. ఈ ముడిని విప్పడానికి పని మూడు అంచెల్లో చేస్తారు. ముందు అణువుకు ఆవేశం ఇస్తారు, తర్వాత వోల్టేజీతో దాన్ని పరిగెత్తిస్తారు, చివర్లో ఆవేశం తీసేస్తారు. వేగం మాత్రం దానితోనే ఉండిపోతుంది. ఆ అణువు క్షేత్రాన్ని దాటి ప్లాస్మాలోకి వెళ్లాక ఎలక్ట్రాన్ కోల్పోయి మళ్లీ ఆవేశం తెచ్చుకుంటుంది, క్షేత్రానికి చిక్కుతుంది. అక్కడున్న కణాలను ఢీకొంటూ తన శక్తినంతా వాటికి పంచుతుంది.

ఈ పద్ధతి పనిచేస్తుందని తేలి దాదాపు యాభై ఏళ్లు కావస్తోంది. 1978లో అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పీఎల్‌టీ అనే టోకమాక్ న్యూట్రల్ బీమ్‌లతోనే సుమారు 6 కోట్ల డిగ్రీలకు చేరింది. బ్రిటన్‌లోని జెట్ అనే టోకమాక్ 2023లో తన ఆఖరి డ్యుటీరియం–ట్రిటియం ప్రయోగాల్లో 69 మెగాజౌళ్ల ఫ్యూజన్ శక్తిని విడుదల చేసింది. అక్కడ ప్లాస్మాను వేడెక్కించిన ప్రధాన సాధనం న్యూట్రల్ బీమ్‌లే.

మాచ్‌ఖండ్ కొలతతో చూస్తే

మెగావాట్ల లెక్క మాచ్‌ఖండ్ కేంద్రం ఉన్న ఒనకఢిల్లీ వైపు వాళ్లకు కొత్త కాదు. 1955లో మొదలైన మాచ్‌ఖండ్ కేంద్రం మొత్తం సామర్థ్యం 120 మెగావాట్లు. మొదటి మూడు యూనిట్లు 17 మెగావాట్ల చొప్పున, తర్వాతి మూడు 23 మెగావాట్ల చొప్పున ఉంటాయి. వించ్‌లో కిందకు దిగి పవర్‌హౌస్‌లో నిలబడితే ఒక 17 మెగావాట్ల యూనిట్ అంటే ఏమిటో ఒంటికే తెలుస్తుంది. దాని వెనక జోలాపుట్ జలాశయం, పెద్ద పైపుల్లో దూకే నీరు, టన్నుల బరువున్న రోటర్ ఉన్నాయి.

ఇటర్‌లో ఒక్క న్యూట్రల్ బీమ్ ఇంజెక్టర్ ప్లాస్మాలోకి పంపాల్సింది 16.5 మెగావాట్లు, అంటే ఆ చిన్న యూనిట్ పూర్తి లోడ్‌తో తిరిగినప్పుడు ఇంచుమించు ఇచ్చేంత. ఇలాంటివి రెండు పెడితే 33 మెగావాట్లు. ఇటర్ ప్రధాన లక్ష్యం 50 మెగావాట్ల వేడిని ప్లాస్మాలోకి పంపి 500 మెగావాట్ల ఫ్యూజన్ శక్తిని రాబట్టడం. లోపలికి పంపే ఆ 50 మెగావాట్లూ మాచ్‌ఖండ్ మొదటి మూడు యూనిట్ల ఉత్పత్తికి దాదాపు సమానం.

ఇక్కడ ఒక అపోహ తొలగాలి. ఆ 500 మెగావాట్లు వేడి మాత్రమే, కరెంటు కాదు. ఇటర్‌లో టర్బైన్ లేదు. అది గ్రిడ్‌కు ఒక్క యూనిట్ కూడా ఇవ్వదు, దాన్ని ప్రయోగం కోసమే కడుతున్నారు. పైగా 16.5 మెగావాట్లు ప్లాస్మాలోకి చేరాలంటే ఇంజెక్టర్‌లో వేగం పుంజుకునే అయాన్ల (ఆవేశం ఉన్న అణువుల) కిరణం 40 మెగావాట్లది ఉండాలి. అందులో సుమారు 60 శాతమే ఆవేశం వదిలి తటస్థ అణువులుగా మారుతుంది. మారినవాటిలోనూ కొన్ని దారిలో పక్కలకు తగులుతాయి. మిగిలిన 23 మెగావాట్లకు పైగా శక్తి ఇంజెక్టర్ లోపలి రాగి పలకల మీదే పడుతుంది. ఆ వేడిని నీటి ప్రవాహంతో ఎప్పటికప్పుడు లాగేయకపోతే అవి నిలవవు.

పదార్థం లెక్క చూస్తే ఇంకా ఆశ్చర్యం వేస్తుంది. 40 ఆంపియర్ల డ్యుటీరియం కిరణం గంటసేపు సాగితే అందులో పోయే డ్యుటీరియం మొత్తం 3 గ్రాములు. ప్లాస్మాకు చేరేది గ్రామున్నర లోపే. లీటరు మామూలు నీటిలో సుమారు 33 మిల్లీగ్రాముల డ్యుటీరియం ఉంటుంది కాబట్టి, సుమారు 90 లీటర్ల నీటిలో ఉన్నది ఆ 3 గ్రాములకు చాలు. గోదావరి ఒడ్డున మణుగూరు భారజల కర్మాగారం నీటి నుంచి వేరుచేసేది ఈ డ్యుటీరియాన్నే. నిజానికి అయాన్లను పుట్టించే భాగమైన సోర్సులోకి, ఆవేశం తీసే గదిలోకి పంపే గ్యాస్ ఇంతకన్నా చాలా ఎక్కువ ఉంటుంది. అదనపు గ్యాస్‌ను ద్రవ హీలియంతో చల్లబరిచిన పెద్ద క్రయోపంపులు నిరంతరం లాగేస్తుండాలి. ఏమైనా ఇంధనం కొరత ఇక్కడ సమస్య కాదు. ఆ మూడు గ్రాములను సెకనుకు దాదాపు 9,800 కిలోమీటర్ల వేగంతో, ఒకే దిశలో, గంటసేపు పంపడమే సమస్య.

నెగటివ్ అయాన్ ఎందుకు తప్పలేదు

జెట్ వంటి పాత యంత్రాల్లో పాజిటివ్ అయాన్లు వాడారు. అణువు నుంచి ఎలక్ట్రాన్ ఊడగొడితే పాజిటివ్ అయాన్ వస్తుంది, అది తయారు చేయడం తేలిక. దాన్ని వేగంగా పరిగెత్తించి గ్యాస్ నింపిన గది గుండా పంపితే గ్యాస్ అణువుల నుంచి ఎలక్ట్రాన్ లాక్కుని తటస్థమవుతుంది. జెట్‌లో గరిష్ఠ శక్తి 125 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే లక్షా 25 వేల వోల్టుల తోపుతో ఒక్కో అయాన్‌కు వచ్చే శక్తి. అక్కడివరకూ ఈ పద్ధతి బాగానే నడిచింది.

ఇటర్ ప్లాస్మా అంతకన్నా చాలా పెద్దది. 125 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల అణువు దాని అంచుల్లోనే ఆగిపోతుంది, మధ్యకు చేరదు. మధ్యకు చేరాలంటే 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. అంత వేగంలో పాజిటివ్ అయాన్‌కు ఎలక్ట్రాన్‌ను పట్టుకునే వ్యవధే ఉండదు. తటస్థమయ్యే శాతం దాదాపు సున్నాకు పడిపోతుంది.

నెగటివ్ అయాన్ దీనికి తారుమారు. అందులో ఒక ఎలక్ట్రాన్ అదనంగా ఉంటుంది, అదీ చాలా వదులుగా. హైడ్రోజన్ అణువులో సొంత ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి, ఈ అదనపు ఎలక్ట్రాన్‌కు 0.75 చాలు. ఎంత వేగంగా పోతున్నా గ్యాస్‌ను రాసుకుంటూ వెళ్తే అది రాలిపోతుంది. అందువల్లే 10 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కూడా 60 శాతం దాకా తటస్థమవుతాయి.

అయితే ఇంజెక్టర్ కష్టాలన్నీ పుట్టేది కూడా ఆ వదులు ఎలక్ట్రాన్ దగ్గరే. కావలసిన చోట సులువుగా ఊడేది, అక్కర్లేని చోట కూడా సులువుగానే ఊడుతుంది. కిరణం పూర్తి వేగం అందుకోకముందే, దాన్ని తోసే రంధ్రాల పలకల (వీటినీ గ్రిడ్‌లనే అంటారు) మధ్య మిగిలిన గ్యాస్‌కు తగిలి కొన్ని అయాన్లు ఎలక్ట్రాన్ కోల్పోతాయి. అవి సగం వేగంతోనే తటస్థమై వృథా అవుతాయి. ఊడిన ఎలక్ట్రాన్లు పక్కనున్న గ్రిడ్‌ల మీద పడి వాటిని కాలుస్తాయి. ఈ నష్టం తగ్గాలంటే సోర్సులో గ్యాస్ పీడనం 0.3 పాస్కల్‌కు మించకూడదు. మన చుట్టూ ఉన్న గాలి పీడనంలో ఇది మూడు లక్షల వంతు కన్నా తక్కువ. అంత పలచటి గ్యాస్‌లోంచి 40 ఆంపియర్లు తీయాలి.

సోర్సు లోపల: 14 మిల్లీమీటర్ల రంధ్రం దగ్గర

ఇటర్ సోర్సు ముందు భాగంలో ప్లాస్మా గ్రిడ్ అనే పలక ఉంటుంది. దానికి 14 మిల్లీమీటర్ల వ్యాసంతో 1,280 రంధ్రాలు. 40 ఆంపియర్లను 1,280తో భాగిస్తే ఒక్కో రంధ్రానికి 31 మిల్లీ ఆంపియర్లు వస్తుంది, పైకి చిన్న అంకె. దాన్ని 10 లక్షల వోల్టులతో గుణిస్తే, పిల్లల వేలు పట్టేంత రంధ్రం నుంచి బయల్దేరే సన్నటి కిరణంలో 31 కిలోవాట్లు ఉన్నట్టు తేలుతుంది. అది ఎదురుగా ఉన్న తర్వాతి గ్రిడ్‌ల రంధ్రాల మధ్యగా, అంచులు తాకకుండా వెళ్లాలి. వేడికి పలక కొద్దిగా సాగినా గురి తప్పుతుంది. అంతేకాక 1,280 రంధ్రాల్లో ఎక్కడ చూసినా కరెంటు ఇంచుమించు ఒకేలా ఉండాలి. తేడా 10 శాతం దాటకూడదన్నది నిబంధన.

నెగటివ్ అయాన్లు ఎక్కువగా పుట్టేది ఈ పలక ఉపరితలం మీదే. సోర్సు లోపల పుట్టించే చిన్న ప్లాస్మాలోని హైడ్రోజన్ లేదా డ్యుటీరియం అణువులు పలకను తాకి, అక్కడి లోహం నుంచి ఒక ఎలక్ట్రాన్ తీసుకుని వెనుదిరుగుతాయి. మామూలు లోహం తన ఎలక్ట్రాన్‌ను అంత తేలిగ్గా వదలదు. అందుకని పలక మీద సీజియం అనే లోహాన్ని పలుచటి పొరగా పూస్తారు. దాంతో ఎలక్ట్రాన్ వదలడానికి కావలసిన శక్తి నాలుగున్నర ఎలక్ట్రాన్ వోల్టుల స్థాయి నుంచి రెండు దరిదాపులకు దిగుతుంది, అయాన్ల దిగుబడి చాలా రెట్లు పెరుగుతుంది.

సీజియం మాత్రం మొండిది. 28 డిగ్రీలు దాటితే కరుగుతుంది, గాలి తగిలితే అంటుకుంటుంది, కొద్దిపాటి తేమకే పాడవుతుంది. చిన్న ఓవెన్‌లో వేడిచేసి ఆవిరిగా లోపలికి పంపుతారు. ప్లాస్మా వెలిగినప్పుడు ఒకలా, ఆరినప్పుడు ఒకలా గోడల మీద చోటు మారుస్తుంది. పలకను సుమారు 150 డిగ్రీల దగ్గర ఉంచితేనే పొర సరిగా నిలుస్తుంది. పొర మందమైనా, పలచబడినా దిగుబడి పడిపోతుంది. గంటసేపు నడిచే కిరణానికి ఈ పొరను గంటసేపూ ఒకే తీరుగా కాపాడాలి. నెగటివ్ అయాన్ సోర్సుల మీద పనిచేసేవారు ఎక్కువ సమయం వెచ్చించేది ఈ సీజియాన్ని మచ్చిక చేసుకోవడానికే.

ఇంకో చిక్కు అనుకోకుండా వెంట వచ్చే ఎలక్ట్రాన్లది. నెగటివ్ అయాన్లను లాగే వోల్టేజీ, అదే ఆవేశం ఉన్న ఎలక్ట్రాన్లనూ లాగుతుంది. గ్రిడ్‌లో అయస్కాంతాలు అమర్చి వాటిని పక్కకు మళ్లిస్తారు, కానీ మళ్లినవి ఆ గ్రిడ్ మీదే పడి వేడెక్కిస్తాయి. కాబట్టి ఎలక్ట్రాన్ల సంఖ్య అయాన్లను మించకూడదు. హైడ్రోజన్‌తో నడిపినప్పుడు ఈ నిష్పత్తి అదుపులో ఉంటుంది. డ్యుటీరియానికి మారగానే ఎలక్ట్రాన్లు పెరుగుతాయి, సమయం గడిచేకొద్దీ ఇంకా పెరుగుతాయి. హైడ్రోజన్‌తో వచ్చిన ఫలితాన్ని చూసి డ్యుటీరియంతోనూ అంతే వస్తుందనుకుంటే పొరపాటు. వార్తల్లో ఈ తేడా దాదాపు ఎప్పుడూ కనిపించదు.

సోర్సులో ప్లాస్మాను పుట్టించడానికి గతంలో టంగ్‌స్టన్ ఫిలమెంట్లు వాడేవారు. అవి అరిగిపోతాయి, మార్చాలి. రేడియోధార్మికత ఉండే చోట మనిషి లోపలికి వెళ్లి మార్చడం కుదరదు. అందుకే ఇటర్ రేడియో తరంగాలతో నడిచే సోర్సును ఎంచుకుంది. ప్లాస్మాను వెలిగించే భాగాలు (డ్రైవర్లు) ఎనిమిది, ఒక్కోదానికి 100 కిలోవాట్ల దాకా రేడియో శక్తి. మరమ్మతుల కోణంలో ఇది సరైన నిర్ణయమే. కాకపోతే దీనికీ ఒక ధర ఉంది. ఫిలమెంట్ సోర్సుల కిరణం కన్నా రేడియో సోర్సుల కిరణం ఎక్కువగా విచ్చుకుంటోందని కొలతల్లో తేలింది. సోర్సు నుంచి ప్లాస్మా సుమారు పాతిక మీటర్ల దూరంలో ఉంటుంది. కిరణం కొంచెం విచ్చుకున్నా ఆ దూరం పోయేసరికి చాలా భాగం దారి గోడలకే తగులుతుంది. ఎందుకు విచ్చుకుంటోంది, ఎలా తగ్గించాలి అన్నదాని మీద పరిశోధన గట్టిగా సాగుతోంది.

పదిలక్షల వోల్టులను శూన్యంలో ఆపడం

విద్యుత్ లైన్లతో పని ఉన్నవారికి 400 కేవీ, 765 కేవీ తెలుసు. పది లక్షల వోల్టులు అంటే వెయ్యి కేవీ, అదీ డీసీ. ఇంజెక్టర్‌లో దీన్ని ఐదు మెట్లుగా, మెట్టుకు 2 లక్షల వోల్టుల చొప్పున పెంచుతారు. సోర్సు మొత్తం భూమితో పోలిస్తే మైనస్ పది లక్షల వోల్టుల వద్ద ఉంటుంది. దానికి కరెంటు, చల్లబరిచే నీరు, గ్యాస్ అన్నీ అదే వోల్టేజీ దగ్గరకు అందించాలి. ట్రాన్స్‌ఫార్మర్ల నుంచి వచ్చే లైన్‌ను కరెంటును బయటకు పోనీయని ఎస్‌ఎఫ్6 గ్యాస్ నింపిన పెద్ద గొట్టంలో పెడతారు. గ్యాస్ నుంచి శూన్యంలోకి ఆ లైన్ దూరే చోట పెట్టే ఇన్సులేటర్ (బుషింగ్) ఒక్కటే పెద్ద ఇంజినీరింగ్ సమస్య. ఈ విద్యుత్ సరఫరా భాగాల్లో కీలకమైనవి జపాన్ ఇచ్చింది.

శూన్యంలో స్పార్క్ రాదనుకోవడం సహజం. నిజానికి వోల్టేజీ తగినంత ఎక్కువైతే శూన్యంలోనూ వస్తుంది. లోహపు ఉపరితలం మీది కంటికి కనిపించని గరుకుతనం, అంటుకున్న దుమ్ము, మిగిలిపోయిన గ్యాస్ అందుకు దారి తీస్తాయి. ఒక్కో స్పార్క్‌లో నిల్వ ఉన్న శక్తి గ్రిడ్‌ను కాల్చకముందే సరఫరాను ఆపేసి, మళ్లీ వెంటనే ఎక్కించగలగాలి. వోల్టేజీని మెల్లమెల్లగా పెంచుతూ, స్పార్క్‌లు రానిస్తూ ఉపరితలాన్ని అలవాటు చేయడాన్ని కండిషనింగ్ అంటారు. ఇందులో తొందరపడితే పరికరమే పోతుంది.

పాదువాలో ఏం జరుగుతోంది

ఇన్ని కష్టాలున్న యంత్రాన్ని నేరుగా రియాక్టర్‌కు బిగిస్తే పాడైనప్పుడు బాగుచేయడం దాదాపు అసాధ్యం. ఇంజెక్టర్ నోరు ప్లాస్మా వైపు తెరిచి ఉంటుంది. ఫ్యూజన్ మొదలయ్యాక న్యూట్రాన్లు ఆ దారిలో వెనక్కు వచ్చి భాగాలను రేడియోధార్మికం చేస్తాయి. ఆపైన అంతా రోబోలతోనే. అందుకే ముందుగా పూర్తి సైజు నమూనాలు కట్టి పరీక్షించాలని ఇటర్ సంస్థ, దాని సభ్యులు నిర్ణయించారు. ఇటలీలోని పాదువాలో కన్సోర్జియో ఆర్‌ఎఫ్‌ఎక్స్ అనే పరిశోధన సంస్థ ప్రాంగణంలో రెండు పరీక్షా కేంద్రాలు వచ్చాయి.

మొదటిది స్పైడర్. ఇది ఇటర్ సోర్సుకు పూర్తి సైజు నమూనా, కానీ వోల్టేజీ లక్ష వోల్టులే. 2018 జూన్‌లో మొదలైంది. మొదలుపెట్టిన కొద్దికాలానికే కాగితం మీద కనిపించని సమస్య ఒకటి బయటపడింది. ఇక్కడ సోర్సు పూర్తిగా వాక్యూమ్ ట్యాంకు లోపలే ఉంటుంది. రంధ్రాల గుండా బయటకొచ్చిన గ్యాస్ సోర్సు వెనకవైపు పేరుకుని, రేడియో తరంగాల భాగాల చుట్టూ అక్కర్లేని మెరుపులు పుట్టించింది. తాత్కాలికంగా ఒక పలక అడ్డుపెట్టి 1,280 రంధ్రాల్లో 80 మాత్రమే తెరిచి ఉంచి ప్రయోగాలు కొనసాగించారు. రేడియో శక్తినిచ్చే పాతకాలపు ట్యూబ్ ఆసిలేటర్లు కూడా స్థిరంగా పనిచేయలేదు. 2021లో సీజియంతో తొలి ప్రయోగాలు జరిగాక స్పైడర్‌ను ఆపి, ఆసిలేటర్ల బదులు సాలిడ్ స్టేట్ ఆంప్లిఫయర్లు పెట్టారు, ఇంకా చాలా మార్పులు చేశారు. 2024లో తిరిగి నడిపారు.

దీన్ని వైఫల్యంగా చూపించిన కథనాలు సరైనవి కావు. ఈ లోపాలు ఇటర్‌కు బిగించాక బయటపడి ఉంటే ఏమయ్యేదో ఆలోచిస్తే పరీక్షా కేంద్రం విలువ అర్థమవుతుంది. ఖర్చు, ఆలస్యం నిజమే. అయినా ఆ ఖర్చు పెట్టింది ఇలాంటి లోపాలు పట్టుకోవడానికే.

రెండోది మితికా. ఇది ఇటర్ ఇంజెక్టర్‌కు పూర్తి నమూనా. పది లక్షల వోల్టులు, 40 ఆంపియర్లు, గంట. ప్లాస్మా ఒక్కటే ఉండదు, దాని స్థానంలో కిరణాన్ని ఆపి వేడిని కొలిచే నీటి పలకల క్యాలరీమీటర్ ఉంటుంది. దీని అధిక వోల్టేజీ భాగాల పరీక్షల్లో ఇన్సులేషన్‌ను దాటుకుని స్పార్క్‌లు (బ్రేక్‌డౌన్లు) వచ్చి పరికరాలు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. వాటి తర్వాత రక్షణ ఏర్పాట్లు పెంచారు. ఇటర్ ఇంజెక్టర్ల డిజైన్‌కు ఆఖరి భరోసా రావాల్సింది ఇక్కడి నుంచే.

మిగతా ప్రయోగశాలల అంకెలను ఎలా చదవాలి

జపాన్ ఈ రంగంలో అందరికన్నా ముందు నడిచింది. జేటీ–60యూ టోకమాక్‌లో 1996 నుంచే నెగటివ్ అయాన్ బీమ్ వాడారు. 5 లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల కోసం రూపొందించిన ఇంజెక్టర్ అది. ఎల్‌హెచ్‌డీ అనే మరో జపాన్ యంత్రంలో లక్షా 80 వేల ఎలక్ట్రాన్ వోల్టుల బీమ్‌లు ఏళ్ల తరబడి నమ్మకంగా పనిచేశాయి. ఇటర్ కోసం జపాన్‌లోని నాకా అనే చోట చేసిన యాక్సిలరేటర్ పరీక్షల్లో దాదాపు పది లక్షల వోల్టులతో, ఇటర్‌కు కావలసిన కరెంటు సాంద్రతతో 60 సెకన్లు నడిపారు. ఇది గొప్ప ఫలితమే. కానీ అక్కడ తెరిచింది కొద్ది రంధ్రాలే, సమయం గంట కాదు, నిమిషం.

జర్మనీలోని గార్చింగ్‌లో ఎలీస్ అనే కేంద్రం ఇటర్ సోర్సులో సగం సైజుది. ఎక్కువసేపు నడపడంలో, సీజియాన్ని అదుపు చేయడంలో ప్రపంచానికి దారి చూపిన ప్రయోగశాల ఇది. హైడ్రోజన్‌తో మంచి ఫలితాలు సాధించింది, డ్యుటీరియంతో ఎలక్ట్రాన్ల బెడదను బయటపెట్టిందీ ఇదే. ఇక్కడ వోల్టేజీ తక్కువ.

ఒకచోట వోల్టేజీ కుదిరింది, ఇంకోచోట కరెంటు, మరోచోట సమయం. ఏ రికార్డు వార్త చదివినా ఈ మూడు అంకెల కోసం వెతకాలి. వాటితోపాటు వాడింది హైడ్రోజనా, డ్యుటీరియమా అన్నదీ చూడాలి. ఒక్క అంకె మాత్రమే చెప్పి మిగతావి దాటేసిన వార్తను సగం వార్తగానే లెక్కవేయాలి.

భారత్ చేతిలో ఉన్నది

2005 డిసెంబర్‌లో భారత్ ఇటర్‌లో చేరాలని నిర్ణయమైంది. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థ, దాని కింద పనిచేసే ఇటర్–ఇండియా మన వాటా పనులు చూస్తున్నాయి. హజీరాలో ఎల్ అండ్ టీ తయారుచేసిన క్రయోస్టాట్ (రియాక్టర్‌ను చుట్టి ఉండే భారీ శూన్యపు పాత్ర) గురించి చాలామంది విన్నారు. బీమ్‌ల విషయంలో మన పాత్ర అంతగా ప్రచారంలోకి రాలేదు.

ఇటర్‌కు ఇంకో రకం బీమ్ కూడా కావాలి. దాని పని వేడి చేయడం కాదు, పరీక్షించడం. ఫ్యూజన్‌లో పుట్టే హీలియం బూడిదలా లోపల పేరుకుంటే మంట తగ్గుతుంది. ఎంత పేరుకుందో తెలియాలంటే హైడ్రోజన్ బీమ్ లోపలికి పంపి, అది హీలియానికి ఎలక్ట్రాన్ ఇచ్చినప్పుడు వెలువడే కాంతిని కొలుస్తారు. లక్ష ఎలక్ట్రాన్ వోల్టులు, 60 ఆంపియర్ల నెగటివ్ హైడ్రోజన్ అయాన్లతో నడిచే ఈ డయాగ్నస్టిక్ బీమ్‌ను అందించే బాధ్యత భారత్‌ది. వోల్టేజీ పది రెట్లు తక్కువ, కానీ కరెంటు వేడిచేసే బీమ్‌కన్నా ఎక్కువ. అంటే సోర్సు కష్టాలన్నీ దీనికీ ఉన్నాయి. గాంధీనగర్‌లో రాబిన్ అనే చిన్న సోర్సుతో అనుభవం మొదలైంది. పూర్తి బీమ్‌లైన్ పరీక్ష కోసం ఐఎన్‌టీఎఫ్ అనే కేంద్రాన్ని కట్టారు. పాదువాలోని స్పైడర్‌కు లక్ష వోల్టుల విద్యుత్ సరఫరా, కిరణాన్ని ఆపే బీమ్ డంప్ కూడా భారత్ నుంచే వెళ్లాయి.

బీమ్‌కు పోటీ ఉంది

న్యూట్రల్ బీమ్ లేకుండానే ఫ్యూజన్ సాధిస్తామనే వర్గం కూడా ఉంది. మైక్రోవేవ్‌లతో ఎలక్ట్రాన్లను, రేడియో తరంగాలతో అయాన్లను వేడి చేయవచ్చు. వీటికి రియాక్టర్ గోడలో పెద్ద రంధ్రం అక్కర్లేదు, పది లక్షల వోల్టులూ అక్కర్లేదు. అమెరికాలో ప్రైవేటు రంగంలో కడుతున్న ‘స్పార్క్’ అనే టోకమాక్ రేడియో తరంగాలనే నమ్ముకుంది. ఇటర్ కూడా 2024లో ప్రకటించిన కొత్త ప్రణాళికలో మైక్రోవేవ్ వాటాను పెంచింది. ఆ ప్రణాళిక ప్రకారం పరిశోధన 2034లో మొదలవుతుంది, డ్యుటీరియం–ట్రిటియం ప్రయోగాలు 2039లో. తొలి దశ భారం ఎక్కువగా మైక్రోవేవ్‌ల మీదే ఉంటుంది, బీమ్‌ల వంతు తర్వాత వస్తుంది.

దీనికి వ్యతిరేక దిశలో వెళ్తున్నది అమెరికాలోని టీఏఈ కంపెనీ. టోకమాక్ కాని వేరే ఆకారపు ప్లాస్మాను బీమ్‌లతోనే ఏర్పరచి నిలబెట్టామని 2025లో ప్రకటించింది. భవిష్యత్తు వాణిజ్య రియాక్టర్లలో పాదువా తరహా భారీ బీమ్‌లకు చోటు దొరుకుతుందా అన్నది ఇంకా తేలలేదు. ఇటర్‌కు మాత్రం అవి అవసరమే. అవి వేడి ఇవ్వడంతోపాటు ప్లాస్మాను తిప్పుతాయి, అందులో కరెంటును నడుపుతాయి.

కొరాపుట్ వైపు నుంచి లెక్క

2039 నాటికి జరిగేది ప్రయోగం. దాని ఫలితాలు చూశాక కరెంటు ఇచ్చే నమూనా కేంద్రం కట్టాలి, ఆ తర్వాతే వాణిజ్య కేంద్రాలు. ప్రైవేటు కంపెనీలు ఇంతకన్నా త్వరగా చేస్తామంటున్నాయి. చేస్తే మంచిదే. కానీ ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్లవాడు ఉద్యోగంలో చేరే నాటికి ఈ ప్రాంతపు జలవిద్యుత్‌నో, దామన్‌జోడి బొయిలర్లనో ఫ్యూజన్ మూయించే పరిస్థితి కనిపించదు. ఈ కొండల్లో రాబోయే ఏళ్ల కరెంటు చర్చ నిజానికి పంప్డ్ స్టోరేజీ గురించి, అంటే కరెంటు మిగిలినప్పుడు నీటిని పైకి తోడి, అవసరమైనప్పుడు కిందకు వదిలి కరెంటు తీసే కేంద్రాల గురించి. ఎగువ సీలేరులో 1,350 మెగావాట్ల ప్రాజెక్టు, బలిమెలలో 500 మెగావాట్ల ప్రతిపాదన ఇక్కడి భూమి మీద, నీటి మీద, ఊళ్ల మీద నేరుగా ప్రభావం చూపేవి. ఫ్యూజన్ వార్తల హోరులో వాటి మీద దృష్టి తగ్గితే నష్టపోయేది స్థానికులే.

చదువుల సంగతి వేరు. న్యూట్రల్ బీమ్ పరీక్షలకు కావలసినవి ప్లాస్మా ఫిజిక్స్ ఒక్కటే కాదు. లీకు లేని వెల్డింగ్, వాక్యూమ్, హై వోల్టేజీ, రేడియో ఫ్రీక్వెన్సీ, క్రయోజెనిక్స్, నీటితో చల్లబరిచే రాగి భాగాల తయారీ, కంట్రోల్ సిస్టమ్స్, అన్నింటికీ మనుషులు కావాలి. సునాబెడలో ఇంజిన్ భాగాల మీద పనిచేసిన చేతులకు, మాచ్‌ఖండ్ స్విచ్‌యార్డ్‌లో బుషింగ్‌లు మార్చిన చేతులకు ఇవి పూర్తిగా పరాయి విద్యలు కావు. బరంపురం ఐసర్‌లోనో, కొరాపుట్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోనో ఫిజిక్స్ చదివే విద్యార్థికి జెస్ట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా గాంధీనగర్ సంస్థలో పీహెచ్‌డీకి దారి ఉంది. ఇంజినీరింగ్, ఐటీఐ చదివినవారికి ఈ నైపుణ్యాలు ఫ్యూజన్ ఆలస్యమైనా వృథా కావు. అంతరిక్షం, అణువిద్యుత్, సెమీకండక్టర్ రంగాలకు కావలసినవీ ఇవే.